నీరు పల్లమెరుగు... మరి మనం?

ఈ కాలమ్‌ని వారం వారం చదివేవాళ్ళకి మా అత్తయ్యగారు తెలుసు. ఆవకాయ జాడీ మూత తీసే హక్కు ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వని మనిషి. డెబ్భై నాలుగేళ్ళు. పొద్దున్నే అయిదింటికి లేచి, వంటింటి వెనక తలుపు తీసుకుని, పెరట్లో తులసికోట దగ్గర దీపం పెట్టందే కాఫీ గ్లాసు ముట్టుకోరు. కిందటి కార్తీకమాసంలో ఆ తలుపు దాటిన రెండో అడుగుకే జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

కట్టు విప్పేశారు. చెయ్యి బాగుపడింది. కానీ ఆవిడ ఆ తలుపు వైపు వెళ్ళడం మానేశారు. "నువ్వే పెట్టెయ్యమ్మా దీపం, నాకు ఓపిక లేదు" అనేవారు. ఓపిక లేక కాదు. భయం. ఆ మాట ఆవిడ అనరు, మేం అడగం. అత్తాకోడళ్ళ మధ్య కొన్ని మాటలు అలా అనుకోకుండానే నడిచిపోతాయి.

తప్పు ఆవిడ కాళ్ళది కాదు, నేలది. వంటింటికీ పెరడుకీ మధ్య మాకో చిన్న వసారా ఉంది. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, చేపలు కడగడం అన్నీ అక్కడే. ఇల్లు కట్టినప్పుడు వేసిన మొజాయిక్ నేల అది. ముప్ఫయ్యేళ్ళ సబ్బు నీళ్ళకి గాజులా నున్నబడింది. పైగా నేల మధ్యలో కాస్త కుంగింది. తూము ఒక చోట, నీళ్ళు ఇంకో చోట. ఎప్పుడు చూసినా ఒక చెంబెడు నీళ్ళు అక్కడ నిలబడే ఉంటాయి.

సరే, జారని టైల్స్ వేయించేద్దాం అనుకున్నాం. ముగ్గురు మేస్త్రీలకి ఫోన్ చేశాను. మొదటాయన "ఎన్ని అడుగులమ్మా?" అన్నాడు. నలభై ఎనిమిది అన్నాను. "నాలుగొందల ఎనభయ్యా?" అన్నాడు. కాదు, నలభై ఎనిమిదే అన్నాను. మళ్ళీ చేస్తానన్నాడు, చెయ్యలేదు. రెండో ఆయన సంక్రాంతి తర్వాత అన్నాడు. ఏ సంక్రాంతో చెప్పలేదు. మూడో ఆయన మాత్రం నిజం చెప్పాడు. "చిన్న పని అమ్మా. రెండు రోజులు పోతాయి. ఆ రెండు రోజులూ అపార్ట్‌మెంట్‌లో వేసుకుంటే నాకు అడుగుల లెక్కన గిట్టుబాటవుతుంది."

ఆయన్నీ తప్పు పట్టలేం. వాళ్ళకి అడుగుల లెక్క, మనకి అత్తయ్య లెక్క.

ఆ రాత్రి మా అబ్బాయి ఫోన్లో రెండు వీడియోలు పంపించాడు. "అమ్మా, ఇది నువ్వే వేసెయ్యొచ్చు, చాలా సింపుల్" అన్నాడు. వీడియోలో ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పది నిమిషాల్లో ఒక గది పూర్తి చేశాడు. నేనూ నమ్మాను. ఇరవై ఏడేళ్ళు బ్యాంకులో లెక్కలు సరిచూసినదాన్ని, నలభై ఎనిమిది టైల్స్ సరిగ్గా పేర్చలేనా అనుకున్నాను.

ఇక్కడి నుంచి నా మోకాళ్ళ కథ మొదలు.

టైల్స్ షాపులో మొదటి పాఠం

షాపులో కుర్రాడు మెరిసే టైల్స్ చూపించాడు. మన దేశంలో టైల్స్ ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ చుట్టుపక్కల నుంచే వస్తాయి, ఇవీ అక్కడివే అన్నాడు. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనిపిస్తోంది. మొహం కనిపించే నేల మీద తడికాలితో నడిస్తే ఏం కనిపిస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. "బాబూ, తడిలో జారనివి చూపించు" అన్నాను.

ఇలాంటి చోట్లకి మ్యాట్ ఫినిష్, యాంటీ స్కిడ్ అని విడిగా ఉంటాయి. కొన్ని కంపెనీలు పెట్టె మీద ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా అంకె వేస్తాయి. అంకె పెరిగినకొద్దీ జారుడు తగ్గుతుంది. అంకె లేకపోతే ఒక తేలిక పరీక్ష ఉంది. షాపులోనే ఒక టైల్ కింద పెట్టించి, దాని మీద గ్లాసుడు నీళ్ళు పోయించి, చెప్పు విప్పి పాదం రుద్ది చూడండి. కుర్రాడు వింతగా చూస్తాడు. చూడనివ్వండి. జారిపడేది అతని అత్తగారు కాదు కదా.

ఇంకో సంగతి. బయటి నీళ్ళ చోటుకి అడుగు బై అడుగు టైలే మంచిది. హాల్లో వేసే రెండడుగుల పెద్ద పలక, తూము వైపు వాలాల్సిన నేలకి లొంగదు. చిన్న పలకలైతే వాలు ఎటు ఉంటే అటు సర్దుకుంటాయి. లెక్కకి నలభై ఎనిమిది కావాలి. విరుగుళ్ళకీ కోతలకీ పదో వంతు కలుపుకుని యాభై మూడు తీసుకోవాలి. నేను మాత్రం పొదుపు చేసి యాభై తెచ్చాను. పెట్టెల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటే ఉండేలా చూసుకోవాలని కూడా అప్పుడు తెలీదు. మళ్ళీ కొనడానికి వెళ్ళినప్పుడు తెలిసింది.

అయిదు ముద్దల అవమానం

మొదటి శనివారం పాత మొజాయిక్ మీదే వేసేశాను. టైల్ గమ్ అని షాపుల్లో అమ్మే అడ్హెసివ్ పొడిని చపాతీ పిండిలా కలిపాను. ప్రతి టైల్ వెనకా నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి నేలకి నొక్కాను. వడియాలు పెట్టిన చెయ్యి కదా, ముద్దలు మాత్రం చూడముచ్చటగా వచ్చాయి. సాయంత్రానికి నేల మొత్తం నిండింది. మా ఆయన ఫోటో తీసి చుట్టాలందరికీ పంపించారు. మా ఆడపడుచు బొటనవేలు గుర్తులు మూడు పెట్టింది.

సోమవారం పొద్దున్న ముచ్చటగా మూడు సంగతులు తెలిశాయి.

ఒకటి, వెనక తలుపు తెరుచుకోలేదు. టైల్ మందం, దాని కింద గమ్ మందం కలిసి నేల అర అంగుళం పైనే లేచింది. తలుపు అడుగు దానికి పట్టేసింది. నేల ఎత్తు పెరుగుతుందని ఇంత లెక్కల మనిషికీ తట్టలేదు.

రెండు, అత్తయ్యగారు వంటింటి గడప లోపలే నిలబడి, "ఒక చెంబు నీళ్ళు పొయ్యి, చూద్దాం" అన్నారు. పోశాను. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగాయి. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, మా ముగ్గురి కళ్ళ ముందే, గడప దాటి వంటింట్లోకి వచ్చాయి. నీరు పల్లమెరుగు అంటారు. నాకే తెలీదు పల్లం ఎటుందో.

మూడోది ఆవిడ చెప్పింది. ఇక ఆవిడ గురించి చెప్పాలి.

మా ఎదురుగా అపార్ట్‌మెంట్ లేస్తోంది. విశాఖపట్నంలో ఏ వీధిలో లేవడం లేదు గనక? అక్కడ పనిచేసేవాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం ఒకావిడ మా ఇంటికి మంచినీళ్ళకి వస్తుంది. నలభై ఏళ్ళు ఉంటాయి. పెరటి వైపు నుంచి వచ్చి, బిందె పట్టుకుని, వెళ్ళిపోతుంది. ఆ రోజు నా నేల ముందు ఆగింది. వంగి, వేలి కణుపుతో టైల్ మీద టక్ టక్ మని కొట్టింది. మధ్యలో గట్టి చప్పుడు. పక్కకి జరిగితే డప్పు చప్పుడు.

"ముద్దలెట్టీసినారేటి అమ్మగోరూ?"

"ఊఁ" అన్నాను.

"లోపల డొల్లుంటాది. బరువైన సామాను మూల మీద పడితే ఇరిగిపోద్ది. సందుల్లోంచి నీరు దిగి ఆ డొల్లలో నిలబడిపోద్ది. వాసనొస్తాది." అని బిందె నడుం మీద పెట్టుకుని, "ముందు నీరు ఎటెళ్తాదో సూసుకోవాల. తరవాతే బిళ్ళ" అంది.

ఎన్నేళ్ళుగా టైల్స్ పని చేస్తున్నావని అడిగాను. పదహారేళ్ళు అంది. "అయితే మేస్త్రీవే" అన్నాను. నవ్వింది. "నాను మేస్త్రీనేటి? మాలు అందిస్తాను. బిళ్ళలు మోస్తాను. ఆడోళ్ళు తాపీ అట్టుకోరు కదా."

పదహారేళ్ళు పక్కనే కూర్చుని ప్రతి టైల్ కిందా ఎంత మాలు పడుతుందో కలిపి అందించిన మనిషి, కూలీ. అందుకున్న మనిషి, మేస్త్రి. ఈ తేడా నేనెప్పుడూ చూడలేదని కాదు. మా ఇల్లు కట్టినప్పుడూ ఇద్దరు ఆడవాళ్ళు నెత్తి మీద గమేళాలు మోశారు. చూశాను. ఆలోచించలేదు.

నాకు నేర్పుతావా అని అడిగాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి వాళ్ళకి పనుండదట. రెండు ఆదివారాలు వస్తానంది. "మా మేస్త్రికి మాత్రం సెప్పకండి" అంది.

నేల కింద నేల

అంతకు ముందు చెయ్యాల్సినవి వారం రోజుల్లో చేసిపెట్టమంది. నా టైల్స్ అన్నీ పీకేశాను. ముద్దల మీద కూర్చున్నవి కాబట్టి ఉలి పెట్టి ఎత్తితే అప్పడాల్లా లేచాయి. యాభైలో పదమూడు విరిగాయి. ఎత్తు తగ్గాలంటే పాత మొజాయిక్ కూడా తీసెయ్యాలి. ఆ పని నేను చెయ్యలేదు. బ్రేకర్ మిషన్‌తో ఒక మనిషిని పెట్టి పూటలో తీయించాను. అన్నీ మనమే చెయ్యాలన్న పంతం ఇంటి పనుల్లో పనికిరాదు. వీపు ఒక్కటే ఉంటుంది.

మొదటి ఆదివారం ఆవిడ వచ్చేటప్పుడు ఒక సన్నటి పారదర్శకం పైపు తెచ్చింది. అందులో నీళ్ళు నింపి, బుడగలన్నీ పోయేదాకా తట్టి, ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస తను పట్టుకుంది. నేను వంటింటి గుమ్మం దగ్గర, తను చివర తూము దగ్గర. పైపులో నీళ్ళు రెండు వైపులా ఒకే ఎత్తుకి వచ్చి నిలబడతాయి. గోడ మీద ఆ ఎత్తున పెన్సిలు గీత. అలా నాలుగు గోడలకీ మట్టం గీత గీశాం. వేలకి వేలు పోసే లేజర్ పరికరం చేసే పని, పది అడుగుల పైపుతో అయిపోయింది.

ఇప్పుడు వాటం. తాపీ పనిలో వాలుని వాటం అంటారు. అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారు. "అడుగుకి ఒక నూలు దింపండి సాలు" అంది ఆవిడ. మా వసారా పొడవు ఎనిమిది అడుగులు. అంటే గుమ్మం నుంచి తూము గోడ దాకా ఎనిమిది నూళ్ళు, సరిగ్గా ఒక అంగుళం. మట్టం గీత నుంచి గుమ్మం దగ్గర ఎంత కిందికి ఉంటే, తూము దగ్గర అంతకన్నా అంగుళం ఎక్కువ కిందికి. దీనికన్నా తక్కువైతే నీళ్ళు బద్ధకిస్తాయి. మరీ ఎక్కువైతే బకెట్టు ఒరుగుతుంది, ముసలివాళ్ళ కాలు తడబడుతుంది. బ్యాంకులో వడ్డీ లెక్కలు ఎన్ని వేశానో గానీ, ఇంత అందమైన లెక్క చూడలేదు.

వసారా నేల వంటింటి నేల కన్నా ఎప్పుడూ కిందే ఉండాలని కూడా గుమ్మం దగ్గర గుర్తు పెట్టించింది. టైల్, గమ్ కలిపి పెరిగే ఎత్తుని ముందే తీసేసి ఆ గుర్తు పెట్టాం. తలుపు ఈసారి తగలదు.

సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్ళు కలిపి మాలు వేశాం. కింది నేలని ముందు ఊడ్చి, తడిపి, సిమెంటు పాలు చల్లి, దాని మీద మాలు పరిచి, పొడవాటి అల్యూమినియం బద్దతో గీతల వెంబడి లాగాం. తను లాగుతుంటే నేల చీరలా పరుచుకుంది. నేను లాగితే గోతులు పడ్డాయి. "సెయ్యి కాదమ్మా, నడుం కదపాల" అంది.

వాటం సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి ఆవిడ దగ్గర ఒక చిట్కా ఉంది. రెండడుగుల రసమట్టం తీసుకుని, తూము వైపు ఉండే చివర కింద పావు అంగుళం చెక్కముక్క కట్టింది. రెండడుగులకి రెండు నూళ్ళు, అంటే పావు అంగుళమే కదా. దాన్ని వాలు మీద పెడితే బుడగ మధ్యలో నిలబడాలి. నిలబడితే వాటం సరి. ఇది ఏ వీడియోలోనూ నాకు కనిపించలేదు.

ఆ మాలుని వారం రోజులు పొద్దున, సాయంత్రం తడిపి, తర్వాత ఆరనిచ్చాం. మాది కింది అంతస్తు కాబట్టి సరిపోయింది. పై అంతస్తుల్లో అయితే టైల్స్ కన్నా ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత తప్పనిసరి. లేకపోతే మీ వాటం సంగతి కింది ఇంటివాళ్ళ సీలింగు చెబుతుంది.

పళ్ళ తాపీ పాఠం

టైల్స్ రోజు. ముందు పొడిగా పేర్చి చూడాలి. గమ్ లేదు, నీళ్ళు లేవు, ఉత్త టైల్స్. గదులన్నీ చదరంగా ఉంటాయని మనం అనుకుంటాం. గోడలు అలా అనుకోవు. మా వసారా ఒక గోడ పొడవునా అంగుళంన్నర వంకర పోయింది. అందుకే గోడని నమ్మకుండా దారాన్ని నమ్మాలి. ఒక మూల నుంచి ఒక దారం మీద మూడు అడుగులు, రెండో దారం మీద నాలుగు అడుగులు గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదు అడుగులుంటే మూల మట్టసం. స్కూల్లో పైథాగరస్ అని బట్టీ పట్టాం. ఆవిడ "మూడు, నాలుగు, అయిదు" అంటుంది. సిద్ధాంతం ఒకటే, ఆవిడది మోకాళ్ళ మీద కూర్చుని పనిచేస్తుంది.

నిండు టైల్ గుమ్మం దగ్గర రావాలి. కోసిన ముక్కలు వాషింగ్ మెషీన్ వెనకా, గోడవారా దాక్కోవాలి. రెండు వేళ్ళ వెడల్పు పేలికలు మిగిలితే, వరసంతా పక్కకి జరిపి మళ్ళీ పేర్చాలి.

గమ్ కలపడం కూడా నేను తప్పే చేశానట. బకెట్టులో ముందు నీళ్ళు పోసి, తర్వాత పొడి వెయ్యాలి. నీళ్ళ కొలత సంచీ మీద రాసి ఉంటుంది, కంటికొలత వద్దు. కలిపాక ఓ పది నిమిషాలు వదిలేసి, మళ్ళీ ఒకసారి తిప్పాలి. అరగంటలో వాడగలిగినంతే కలపాలి. గట్టిపడిందని పైన నీళ్ళు పోసి మళ్ళీ కలిపితే ఆ గమ్ పట్టదు.

అంచుకి పళ్ళున్న తాపీతో నేల మీద గమ్ పరిచి, పళ్ళతో దువ్వాలి. గీతలన్నీ ఒకే వైపు ఉండాలి. గుండ్రంగా దువ్వితే గాలి లోపల చిక్కుకుంటుంది. టైల్ పెట్టి, గీతలకి అడ్డంగా కాస్త అటూ ఇటూ జరిపి నొక్కితే, గీతలు ఒరిగి సందులు నిండుతాయి. రెండు మూడు టైల్స్ వేశాక ఒకటి ఎత్తి దాని వీపు చూడాలి. వీపంతా గమ్ అంటుకుని ఉంటే సరే. మధ్యలో బోడిగా ఉంటే ఇంకాస్త గమ్ పెట్టాలి. నా మొదటి టైల్ ఎత్తి చూస్తే సగం బోడి. మూడోది కాస్త నయం. అయిదోది ఎత్తి ఆవిడ ఏమీ అనకుండా మళ్ళీ పెట్టేసింది. అదే నా సర్టిఫికెట్.

టైల్ టైల్‌కీ మధ్య ప్లాస్టిక్ స్పేసర్లు, మూడు మిల్లీమీటర్లవి. గోడలకీ టైల్స్‌కీ మధ్య కూడా కాస్త సందు వదలాలి. ఎండకి, తడికి నేల వ్యాకోచిస్తుంది. చోటు లేకపోతే మధ్యలో గుడారంలా లేస్తుంది. ఆ సందుని అంచు పట్టీ కప్పేస్తుంది. రబ్బరు సుత్తితో తట్టడం, సందుల్లో పైకొచ్చిన గమ్‌ని తడిగా ఉండగానే తీసెయ్యడం, ఈ రెండూ నాకు అప్పగించింది. చివరి వరస రెండు వైపుల నుంచీ తూములోకి వాలాలి. అక్కడ కోతలు ఎక్కువ. అది తను తీసుకుంది.

తిన్నటి కోతలకి చేత్తో లాగే కట్టర్ ఉంటుంది, గీత గీసి విరిచేస్తుంది. తూము చుట్టూ వంపులకి మాత్రం గ్రైండర్ కావాలి. ఆవిడ కొంగు ముక్కుకి చుట్టుకుని మొదలెట్టబోయింది. ఆపేశాను. ఈ ఒక్కటీ నేను నేర్పాను. టైల్ కోస్తే లేచే ఆ తెల్లటి పొడిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు సిలికోసిస్, దానికి తిరుగు మందు లేదు. కొంగూ, జేబురుమాలూ ఆ సన్నటి పొడిని ఆపలేవు. ఎన్95 మాస్కు పెట్టి, టైల్‌ని కోసే ముందే తెగే చోటల్లా బాగా తడిపి, మధ్య మధ్య ఆగి మళ్ళీ తడిపి, పొడి లేవకుండా కోయించాను. కరెంటు గ్రైండర్ కదా, మిషన్ మీద నీళ్ళు పడకుండా జాగ్రత్త పడ్డాం. "మా మామకి దగ్గు. ఇరవయ్యేళ్ళు కోసినాడు" అంది మాస్కు సర్దుకుంటూ. ఇంకేం అనలేదు.

చేతులకి గ్లవ్స్ కూడా ఇచ్చాను. సిమెంటు తిని తిని ఆవిడ వేళ్ళ చివర్లు గరుకు పేపర్లా ఉన్నాయి. రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకుంటుందట. నాకు ఒక్క పూటకే చర్మం మండింది.

ఒక రోజంతా దాని మీద ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. వెనక తలుపుకి మా ఆయన తాళం వేసి, తాళం చెవి తనే ఎక్కడ పెట్టారో మర్చిపోయారు. కాబట్టి రోజున్నర ఆరింది. తర్వాత సందుల్లో గ్రౌట్ నింపి, తడి స్పాంజితో సందులకి ఐమూలగా తుడిచాం. సందుల వెంబడి తుడిస్తే గ్రౌట్ స్పాంజితో పాటు వచ్చేస్తుంది. ఇక మీద ఆ నేలకి యాసిడ్ మాత్రం వాడకండి. మరకలతో పాటు సందుల్లో సిమెంటునీ తినేస్తుంది.

ఎంతివ్వాలి?

రెండో ఆదివారం సాయంత్రం డబ్బులిచ్చాను. మేస్త్రి రోజు కూలి ఎంతో కనుక్కుని, అదే లెక్క కట్టాను. ఆవిడ నోట్లు లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. "ఎక్కువిచ్చీసినారమ్మా. ఇది మేస్త్రి కూలి" అని సగం వెనక్కి తియ్యబోయింది. ఆవిడకి రోజూ వచ్చేది దాదాపు అందులో సగమట.

"మేస్త్రి పనే కదా చేశావు" అన్నాను.

ఆ మాటకి ఆవిడ తలొంచుకుంది. సంతోషమో, సంకోచమో తెలీలేదు. ఒక్క పని మాత్రం చేసింది. వెళ్ళబోతూ వెనక్కి వచ్చి, తూము పక్కన తను కోసి పెట్టిన ముక్క చుట్టూ వేలితో ఒకసారి రాసి చూసుకుంది.

ఇంతకీ నేనేం నేర్చుకున్నాను? నలభై ఎనిమిది టైల్స్‌లో నిజంగా నేను వేసినవి ముప్ఫై. నా మోకాళ్ళు ఇంకా దుప్పటి మడత మీద తప్ప ఆనవు. మీరూ వేసుకోవచ్చా అంటే, వేసుకోవచ్చు. చిన్న చోటు, చిన్న టైల్స్, తొందర లేని నాలుగు వారాలు ఉంటే చాలు. హాలు జోలికి మాత్రం మొదటిసారే వెళ్ళకండి. ఏది వేసినా, టైల్ చేతిలోకి తీసుకునే ముందు నీళ్ళని అడగండి, ఎటు పోతావని. పైన కనిపించేది పలక. పనంతా దాని కిందే ఉంది.

గ్రౌట్ ఆరిన మర్నాడు పొద్దున అయిదింటికి వెనక తలుపు చప్పుడైంది. తలుపు తగల్లేదు, తేలిగ్గా తెరుచుకుంది. నేను పక్క మీద నుంచే విన్నాను. చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు, అవి గలగలా తూములోకి జారిన చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. లేచి కిటికీలోంచి చూస్తే తులసికోట దగ్గర దీపం, దాని ముందు అత్తయ్యగారు. లోపలికి వచ్చి, "కాఫీలో పంచదార తక్కువెయ్యి" అన్నారు. నేల గురించి ఒక్క మాట కూడా అనలేదు. అనరు కూడా.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఎదురు అపార్ట్‌మెంట్ మేస్త్రి ఏదో పనికి మా పెరట్లోకి వచ్చాడు. ఆవిడా బిందెతో వెనకే ఉంది. మేస్త్రి నేల చూసి ఆగాడు. తాపీ పిడితో నాలుగు చోట్ల తట్టాడు. ఎక్కడా డొల్ల పలకలేదు. కుళాయి తిప్పి నీళ్ళు వదిలాడు. తూము చుట్టూ కోతలు వంగి చూశాడు. "ఎవరేశాడమ్మా ఇది? మంచి పనోడే" అన్నాడు.

ఆవిడ మేస్త్రి వెనక నుంచి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను, "తెలిసినవాళ్ళు" అన్నాను. అంతటితో ఊరుకున్నాను. ఆ రోజు నుంచీ ఆ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది.

ఈ వారం ఇది రాస్తున్నానని ఆవిడకి చెప్పాను. పేరు మాత్రం వెయ్యొద్దంది. వెయ్యడం లేదు. కానీ మేస్త్రీ, ఎప్పుడైనా ఈ కాలమ్ మీ కంట పడితే, ఆ రోజు మీరడిగిన ప్రశ్నలో ఒక మాట సరిచెయ్యాలి. "వేశాడు" కాదు. వేసింది.